పెదవిమాట

మంగళవారం మధ్యాహ్నమంటే మాంచెస్టర్ వైపు మిల్లుల ఊరు హాల్‌షాలో చంటిపిల్లలకు బట్టలూడదీసే వేళ. బ్రిగ్ వీధి ప్రార్థన మందిరం కింద, ఆదివారం బడి జరిగే గదిలో, పొయ్యి చుట్టూ బల్లలు వేసి ఉంటాయి. తల్లులు వాటి మీద వరసగా కూర్చుని, ఒళ్ళో బిడ్డల్ని పొట్లాలు విప్పినట్టు విప్పుతారు. ఊలు చొక్కా కింద ఇంకో చొక్కా, దాని కింద పొట్టకు చుట్టిన గుడ్డ. అన్నీ ఊడాక లోపలినుంచి ఎర్రగా, కోపంగా ఒక మనిషి బయటపడతాడు. వాణ్ణి బుట్టలో పడుకోబెట్టి నర్సమ్మ తూస్తుంది. తూకం పెరిగితే తల్లి ముఖం వెలుగుతుంది, తగ్గితే పక్కింటావిడ ముఖం వెలుగుతుంది.

పట్టణ సంఘం ఈ శిశు సంక్షేమ కేంద్రం తెరిచినప్పటినుంచీ, బిడ్డను కన్న ప్రతి తల్లీ ఒకసారైనా వెళ్ళొచ్చింది. వెళ్ళనిది హెట్టీ ఆష్‌వర్త్ ఒక్కతే. తప్పు హెట్టీది కాదు, ఆమె అత్త మార్తాది.

"తూచడానికి వాడేమన్నా బంగాళాదుంపల బస్తానా? ఏడాది నిండని బిడ్డను తూకంలో పెడితే పైవాడికి లెక్క గుర్తొస్తుంది. గోళ్ళు కత్తిరించకూడదంటే నోటితో కొరికి తీస్తున్నావు గదా, ఇదీ అంతే" అనేది మార్తా.

హెట్టీ వాదించేది కాదు. పగలంతా నాలుగు మగ్గాలతో వేగి వచ్చిన మనిషికి అత్తతో వేగే ఓపిక మిగలదు. పైగా తను మిల్లుకు పోతే బిడ్డను సాకేది ఆ అత్తే. పదకొండు నెలల విల్ఫ్ ఒళ్ళంతా మడతలు పడి, బుగ్గలు జారి, చూసినవాళ్ళు ఎత్తుకోకుండా ఉండలేనట్టు పెరుగుతున్నాడు. తూచకపోతే మునిగిందేముంది అనుకునేది.

మార్తా 'అనేది' అని చెప్పానే గాని, ఆ మాటల్లో గొంతు ఉండేది కాదు. హాల్‌షా ఆడవాళ్ళకు మాటలు రెండు రకాలు. ఒకటి అందరూ మాట్లాడేది. రెండోది పెదవిమాట. మిల్లులో వందల మగ్గాలు ఒక్కసారిగా నాడెలు విసురుతుంటే కాళ్ళ కింద రాతినేల వణుకుతుంది, పక్కనున్న మనిషి అరిచినా చీమ తుమ్మినట్టే ఉంటుంది. అందుకని నేతగత్తెలు చప్పుడు లేకుండా, నోరంతా పెట్టి, ఒక్కో మాటనూ పెదవులతో చెక్కి అవతలికి పంపుతారు. షెడ్డు ఈ మూల పుట్టిన కబురు ఆ మూలకు చేరడానికి నాడెలో నూలు కండె మార్చినంత సేపు పట్టదు.

నలభై ఏళ్ళ మగ్గాలు మార్తా చెవుల్ని పూర్తిగా తినేశాయి. ఆమె దాన్ని జబ్బనుకోలేదు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి, చెవులు పోయాయి, అంతే. గొంతు ఎంత పైకి లేస్తుందో తనకు తెలియదు గనక, ఒకసారి ప్రార్థన మధ్యలో పాస్టరుగారి విగ్గు గురించి గుసగుస అనుకుని చెప్పిన మాట ఆఖరి వరస దాకా వినబడింది. అప్పట్నుంచి గొంతు మానేసి పెదవులతోనే సంసారం నడుపుతోంది. కొడుకు హ్యారీ మగ్గాలు బాగుచేసే మేస్త్రీ, కోడలు నేతగత్తె, ఇద్దరికీ అదే అలవాటు. ఆ ఇంటి గోడకు చెవి ఆనిస్తే చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. లోపల మాత్రం రోజూ పోట్లాటలే.

ఆ ఇంట్లో విల్ఫ్ చక్కగా పెరిగాడు. తెల్లారకముందే వీధిలో ముసలి టామ్ పొడుగాటి కర్రతో కిటికీ అద్దాలు టకటకలాడిస్తూ మిల్లువాళ్ళను లేపుతాడు. ఊళ్ళో పిల్లలందరూ ఆ చప్పుడుకి లేచి ఆరున్నొక్క రాగం అందుకుంటారు. విల్ఫ్ మాత్రం కదలడు.

"మగ్గాల రక్తమే వాడిది. పిడుగు పడ్డా లేవడు" అని మార్తా వీధంతా గొప్పగా చెప్పుకునేది.

హెట్టీకి మొదటి ముల్లు గుచ్చింది రెండిళ్ళ అవతలి పాలీ రాట్‌క్లిఫ్. ఆమె కూతురు విల్ఫ్ కంటే చిన్నది. అప్పుడే గుమ్మంలో కూర్చుని, బొగ్గు బండి గుర్రాన్ని తన భాషలో తిడుతోంది.

"మీ వాడేంటే, నోరు విప్పడు? మాటలన్నీ మీ అత్తే వాడేసిందా?" అంది పాలీ ఒకరోజు.

"మగపిల్లలకు మాటలు ఆలస్యం."

"మా ఆయన్ను చూశాక నాకూ అదే అనిపిస్తోంది. నలభై వచ్చాయి, ఇంకా మొదలుపెట్టలేదు."

హెట్టీ నవ్వింది గాని, ఆ నవ్వు గుమ్మం దాటి ఇంట్లోకి రాలేదు.

తరవాతి వారం నర్సమ్మ మిస్ పెవరిల్ స్వయంగా ఇంటికొచ్చింది. మిల్లులు లేని దక్షిణపు జిల్లాలనుంచి వచ్చిన మనిషి, ఈ ఊరికి కొత్త. విల్ఫ్ వెనకనుంచి వంగి "ఏం బాబూ, ఏం బంగారూ" అని ఎన్ని విధాల పలకరించినా వాడు తన కాలి వేళ్ళతో ఆడుకుంటూ ఉండిపోయాడు. ముందుకొచ్చి కూర్చుంటే ఆమె కోటు గుండీలు చూశాడు.

"బిడ్డ కాస్త మందకొడిగా ఉన్నట్టున్నాడమ్మా. మంగళవారం డాక్టరమ్మ వస్తారు, చూపించండి" అని ఆమె వెళ్ళిపోయింది.

మందకొడి. పై వీధి చాడ్విక్ వాళ్ళ లిజీని కూడా మొదట్లో ఆ మాటే అన్నారు. బడికి వచ్చాక మందబుద్ధి అన్నారు. ఆపైన ఒక మోటారు బండి వచ్చి, ఆ పిల్లను కొండల అవతలి మందబుద్ధుల ఆశ్రమానికి తీసుకుపోయింది. నెలకోసారి చాడ్విక్ మొగుడూ పెళ్ళామూ ఆదివారం బట్టలు వేసుకుని చూసొస్తారు. వచ్చాక వాళ్ళతో ఎవరూ మాట కలపరు. వాళ్ళ ముఖాలు చూస్తే ధైర్యం చాలదు.

హెట్టీ బిడ్డను గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది. తీసుకెళ్తే వాడి పేరు పక్కన ఏం రాస్తారో. తీసుకెళ్ళకపోతే, బడి ఈడు వచ్చాక ఎలాగూ రాస్తారు. కంట్లో పడ్డ నలుసును ముందే తీయించుకోవడం మేలు అనుకుని చివరికి తెగించింది.

ఆ మంగళవారం మిల్లు మూసే ఉంది. హెట్టీ నేసేది ఇండియాకు పోయే ధోవతులు. అక్కడివాళ్ళు ఈమధ్య వాటిని కట్టడం మానేశారట, వారంలో సగం రోజులు మగ్గాలు నిలిచిపోతున్నాయి. బిడ్డకు టోపీ కడుతుంటే మార్తా వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"తెలిసీ అడుగుతావేం అత్తా?"

"ఏడాదికి ఎన్నాళ్ళుంది? ఆ మాత్రం ఆగలేవా?"

"ఆగలేను. నర్సమ్మ అన్నమాట నీకు చెప్పాను గదా. లిజీ చాడ్విక్ సంగతి మరిచిపోయావా?"

 మార్తా వంటింట్లోకి వెళ్ళి ఏదో గుప్పెట్లో పట్టుకుని, శాలువా కప్పుకుని, చెక్క అడుగుల చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"నేనూ వస్తున్నా. వాణ్ణి తూచాలంటే ముందు నన్ను తూచమను" అంది.

గది కిటకిటలాడుతోంది. పొయ్యి దగ్గర తడిగుడ్డల వాసన, పాల వాసన, ఆడవాళ్ళ నవ్వులు. అక్కడా సగం మాటలు పెదవుల మీదే నడుస్తున్నాయి. పాపం మిస్ పెవరిల్ మొదటి రోజుల్లో వీళ్ళందరూ ఏదో నములుతున్నారనుకుందట. మార్తా అడుగు పెట్టగానే గది అవతలనుంచి పాలీ పెదవులతో అంది:

"మార్తక్క వచ్చింది, ఇక మనం గుట్టుగా చెప్పుకునేది ఏదీ ఉండదు. టీ కప్పు వెనక దాచిన పెదాలు కూడా చదివేస్తుంది."

"నీ గుట్టు చదవడానికి కళ్ళెందుకే, నీ మొగుడి ఖాళీ జేబు చూస్తే చాలదూ" అంది మార్తా అంతే గట్టిగా, చప్పుడు లేకుండా. బల్లలన్నీ కదిలేలా ఆడవాళ్ళు నవ్వారు. ఏం జరిగిందో తెలియక నర్సమ్మ తన జుట్టు సవరించుకుంది.

విల్ఫ్‌ను బుట్టలో పెడుతుంటే మార్తా తన గుప్పెట విప్పి, వాడి పిడికిట్లో చిటికెడు ఉప్పు పోసింది.

"ఏమిటది?" అంది నర్సమ్మ.

"ఉప్పండి. తూకం తగలకుండా" అంది హెట్టీ సిగ్గుపడుతూ.

"నోట్లో పెట్టుకుంటాడే."

"పెట్టుకోనివ్వండి నర్సమ్మా. దాహమేసి పాలడుగుతాడు, ఆ వంకతోనైనా మాటొస్తుంది" అంది పాలీ.

తూకం బాగుంది. నర్సమ్మ చెప్పిన అంకె విని చుట్టుపక్కల తల్లులు తమ బిడ్డల కాళ్ళు నొక్కి చూసుకున్నారు. హెట్టీకి మాత్రం ఆ అంకె తలకెక్కలేదు. ఆమె కళ్ళు డాక్టరమ్మ ఉన్న పక్కగది తలుపు మీదే ఉన్నాయి.

డాక్టరమ్మ స్కీన్ స్కాట్లాండు మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మాట పళ్ళ మధ్యనుంచి వస్తుంది, పెదవి కదలదు. మార్తా ఆమె నోటి వంక కాసేపు చూసి, "మూసిన తలుపు" అని కోడలికి చెప్పి, మూల కుర్చీలో కూర్చుంది.

డాక్టరమ్మ విల్ఫ్‌ను బల్ల మీద కూర్చోబెట్టి కళ్ళు చూసింది, మోకాళ్ళు తట్టింది, రెండు వేళ్ళు పట్టించి లేపింది. వాడు లేచి నిలబడి, ఆమె గడియారం గొలుసు పట్టుకున్నాడు.

"ఒళ్ళు బంగారంలా ఉంది. మరి పిలిస్తే చూడడా?"

"చూస్తాడండి."

"చెప్పింది అర్థమవుతుందా?"

ప్రశ్న వచ్చింది. దీని మీదే అంతా ఉంది.  "అన్నీ అర్థమవుతాయి డాక్టరమ్మా, చూడండి" అని హెట్టీ బిడ్డ ముందుకొచ్చి, వాడు తన ముఖం చూసేదాకా ఆగింది. "నాన్న ఏడీ?" అంది. విల్ఫ్ తలుపు వైపు చూశాడు. "చప్పట్లు." వాడు ఉప్పంటిన చేతులతో చప్పట్లు కొట్టాడు. "నానమ్మ?" వాడు మూలకు తిరిగి నవ్వాడు. హెట్టీ ఊపిరి పీల్చుకుంది. "చూశారా? మందకొడి అన్నారే, వీడా మందకొడి?"

డాక్టరమ్మ నవ్వలేదు. ముందుకు వంగింది.

"అమ్మా, ఇప్పుడు మీరు గొంతు విప్పారా?"

"ఆఁ?"

"నాకేమీ వినబడలేదు. నోరు కదలడం చూశాను."

"మేం అంతేనండి. అలవాటు. అర్థమయ్యేదానికి గొంతెందుకు?"

"ఒక్క పని చెయ్యండి. వాడి వెనక్కి వెళ్ళి, అదే మాట పైకి అనండి."

హెట్టీ బల్ల వెనక్కి నడిచింది. విల్ఫ్ గొలుసుతో ఆడుకుంటున్నాడు. "విల్ఫ్, చప్పట్లు" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. వాడు తిరగలేదు. "విల్ఫ్, నాన్న ఏడీ?" వాడు గొలుసు నోట్లో పెట్టుకున్నాడు. "విల్ఫ్" అని ఈసారి అరిచింది. పక్కగదిలో కబుర్లు తెగిపోయాయి, ఎవరి బిడ్డో ఉలిక్కిపడి ఏడ్చింది. డాక్టరమ్మ కూడా అదిరిపడింది. ఆ అరుపు తాకనివాళ్ళు ఇద్దరే. బల్ల మీద విల్ఫ్, మూల కుర్చీలో మార్తా.

మార్తా కోడలి నోరు చూసి, "ఎందుకే అలా అరుస్తావు, పక్కనే గదా ఉన్నాడు" అంది.

హెట్టీకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టామ్ కర్రకు లేవని బిడ్డ. పిడుగు పడ్డా కదలని బిడ్డ. నేలమీద అడుగు వేస్తే చాలు కళ్ళు తెరుస్తాడని, తన నడక గుర్తుపడతాడని తను మురిసింది. అది చెక్కనేల అదురు. పదకొండు నెలలు గుండెలకు హత్తుకుని తిరిగింది, ముగ్గురు పెద్దవాళ్ళున్న ఇల్లు, ఒక్కరికీ అనుమానం రాలేదు. మాట్లాడినప్పుడల్లా వాడు ముఖం చూసి నవ్వుతోనో చేతులతోనో జవాబు చెప్పాడు మరి. ఇంకేం కావాలి?

"వాడికి చెవులు లేవు, అంతేనా?" అంది.

"వినికిడి లేదమ్మా. బహుశా పుట్టుకతోనే." డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాగి కూర్చుంది. "కానీ మందబుద్ధి కాదు. ఆ మాట ఎవరైనా అంటే నా దగ్గరకు పంపండి. ఈ ఈడుకు ఇన్ని మాటలు పెదవుల మీద చదివిన బిడ్డను నేను చూడలేదు. చెవుడని తేలాక ఇది నేర్పించడానికి తల్లుల్ని బతిమాలుకుంటాం. మీరు ముందే మొదలుపెట్టేశారు."

"ఆశ్రమానికి రాస్తారా?"

"చెవుడని రాస్తాను. మాంచెస్టర్లో ఇలాంటి పిల్లల బడి ఉంది, ఐదేళ్ళొచ్చాక చూద్దాం. అప్పటిదాకా బడి మీ ఇల్లే."

మార్తా కోడలి శాలువా పట్టి గుంజింది. ఏం జరుగుతోందో చెప్పమని. హెట్టీ చెప్పింది. ముసలావిడ ముఖంలో బిగిసినదేదో సడలింది.

"అంతేనా? వాణ్ణి తీసుకుపోతారేమోనని నా ప్రాణం కడబట్టింది. చెవులా? ఈ ఊళ్ళో చెవులెవరికి కావాలే? నేను బతకడం లేదూ?"

అంతసేపూ అణచుకున్నది హెట్టీలో ఒక్కసారి పొంగింది.

"నీకూ వాడికీ పోలికా అత్తా? నీకు సగం జీవితం వినబడింది. పాటలు విన్నావు, మామయ్య గొంతు విన్నావు. మాటంటే ఏంటో తెలిశాక నీ చెవులు పోయాయి. వాడికి గొంతనేది ఒకటుందనే తెలీదు. రేపు బజారుకెళ్ళి రొట్టె అడగాలంటే ఎలా అడుగుతాడు? ఆ కొట్టువాడు మిల్లులో పనిచేశాడా?"

మార్తా ఆ పెదవుల్ని చివరిదాకా చదివింది. కోడలి శాలువా వదిలేసింది. 

"అదీ సంగతి. మీరిద్దరు చెప్పిందీ నిజమే" అంది డాక్టరమ్మ, కోపంలో హెట్టీ పైకే అనేసిన మాటలు విని. "వినలేడు గాని, గొంతును చేత్తో పట్టుకోగలడు." ఆమె విల్ఫ్ అరచెయ్యి తీసి తన గొంతుకింద ఆనించుకుని "ఊఁ" అంది. వాడు గొలుసు వదిలేశాడు. ఆమె ఆపింది. వాడు ఆమె మెడను తట్టాడు, మళ్ళీ అనమన్నట్టు. "ఇదీ మీ పని. ఇకనుంచి వాడితో ఉత్త పెదవులతో మాట్లాడకండి. ముఖం చూపించండి, చెయ్యి గొంతు మీద పెట్టుకోండి, పైకి అనండి. ఇంట్లో అందరూ. ప్రతి మంగళవారం నర్సమ్మకు చూపించండి. తొందరగా ఫలితం వస్తుందని నేను చెప్పను. కష్టం."

"కష్టం మాకు కొత్తేం కాదండి" అంది హెట్టీ. "గొంతే కొత్త."

బయటి గదిలోకి వచ్చేసరికి అందరూ వీళ్ళవైపే చూస్తున్నారు. హెట్టీ అరుపు అందరూ విన్నారు. పొయ్యి దగ్గర కూర్చుని ఆమె బిడ్డకు చొక్కా తొడగబోయింది. అవతలి బల్ల మీదినుంచి పాలీ పెదవులతో అడిగింది: "ఏమందే?"

హాల్‌షాలో మాట్లాడటం ఇష్టం లేకపోతే వీపు తిప్పాలి. అంతకు మించిన తలుపు లేదు అక్కడ. హెట్టీ భుజం కొంచెం తిరిగింది కూడా. చాడ్విక్ వాళ్ళు అలాగే తిప్పారు, మళ్ళీ ఇటు తిరగలేదు. ఆమె ఆగి, బిడ్డను ఒళ్ళో నిలబెట్టి, గదిలో అందరికీ కనబడేలా ముఖమెత్తింది.

"వినబడదట" అంది. పెదవులతో కాదు, గొంతుతోనే. "బుద్ధి బాగానే ఉందట. చెవులే లేవట. పైకి మాట్లాడి నేర్పించాలట."

 పాలీ లేచి, చంకలో కూతురితో వచ్చి ఎదురుగా కూర్చుంది. వేళాకోళం వస్తుందనుకుని హెట్టీ పళ్ళు బిగబట్టింది.

"ఎక్కడ పెట్టాలి చెయ్యి? ఇక్కడా?" అంది పాలీ. విల్ఫ్ చెయ్యి పట్టుకుని మెడకు ఆనించుకుంది. "ఏరా అబ్బాయ్, నా మాట వినని మగాడు ఇంట్లో ఒకడున్నాడు. నువ్వన్నా పట్టుకో."

విల్ఫ్ ఆమె నోటి వంక, తన చేతి వంక మార్చి మార్చి చూశాడు. వాడు పాలీ కూతురు మెడ కూడా పట్టి చూడబోతే ఆ పిల్ల కెవ్వుమంది. అది చేతికి బాగా తగిలినట్టుంది, వాడు పొంగిపోయాడు. ఇంకో తల్లి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. మిస్ పెవరిల్ తూకం దగ్గర నిలబడి చూస్తోంది, తరవాతి బిడ్డను పిలవడం మరిచిపోయి. కాసేపటికి ఆమె కూడా వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాలరు గుండీ విప్పుకుంది. "నిన్ను తప్పు పట్టాను బాబూ" అంది వాడి చేతికి.

మార్తా మాత్రం బల్ల చివర కూర్చునే ఉంది. చివరికి చేతులు చాపింది. హెట్టీ బిడ్డను ఇచ్చింది. ముసలావిడ వాడి అరచెయ్యి తన ముడతల మెడ మీద పెట్టుకుని, నోరు తెరిచి, మళ్ళీ మూసింది. ఏళ్ళ తరబడి వాడని గొంతు. అది ఎంత పెద్దగా వస్తుందో, ఎవరు నవ్వుతారో. మళ్ళీ తెరిచింది.

"విల్ఫ్" అంది. తుప్పుపట్టిన గడియ తీసినట్టు వచ్చింది, పైన ప్రార్థన మందిరం దాకా వినబడేంత పెద్దగా. ఎవరూ నవ్వలేదు. "విల్ఫ్, నేన్రా, నానమ్మని."

వాడు ఆమె నోటినే చూస్తున్నాడు. రెండో చెయ్యి ఎత్తి తన మెడ మీద పెట్టుకున్నాడు. అక్కడ ఏ అదురూ లేదు. నుదురు చిట్లించాడు. మార్తా తన మొద్దు వేళ్ళు వాడి చిన్న వేళ్ళ పక్కనే ఆనించి, వాడితో పాటు తనూ ఎదురుచూసింది. వాడు నోరు తెరిచి, ముక్కి, ఒళ్ళంతా బిగించి ఏదో నెట్టాడు. మూలుగు లాంటి, గొణుగుడు లాంటి చప్పుడు. ఏడుపు కాదు, నవ్వు కాదు.

హెట్టీ విన్నది. అత్తకు చెప్పాలని పెదవులు కదిపింది గాని, చెప్పాల్సిన పని లేకపోయింది. మార్తా కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె వేలి కింద ఆ చప్పుడు అదిరింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఏమన్నాడు మార్తక్కా?" అంది పాలీ.

"ఇంకా ఏమీ అనలేదు" అంది మార్తా, గది అదిరిపోయేలా. "గొంతు సవరించుకుంటున్నాడు."